సుల్తాను తల్లి ఎక్కడ?

రాజుల కథలు మళ్ళీ రాస్తున్నారు. పిల్లల పుస్తకాల్లో, ఆదివారం అనుబంధాల్లో, ఫోనులో వినే కథల్లో కోటలూ కత్తులూ గుర్రాలూ మాంత్రికులూ తిరిగొచ్చారు. సంతోషమే. కథంటే మాకూ ప్రాణమే. కానీ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, రాసేవాళ్ళు నొచ్చుకుంటున్నారు. మీ దుర్మార్గుడికి ఆ గడ్డమెందుకు, ఆ పచ్చ తలగుడ్డ ఎందుకు, వాడికి ఫకీరని పేరెందుకు అంటే "కథే కదండీ" అంటారు. మరి అదే కథలో తురక దండొచ్చి ఊళ్ళు తగలబెడుతుందే, అదేమిటంటే "చరిత్రండీ, జరిగిందే రాశాం" అంటారు.

కథైతే కథలా రాయండి. చరిత్రైతే చరిత్రకు లెక్క చెప్పండి. అడిగినప్పుడల్లా ఒక గుమ్మంలోంచి ఇంకో గుమ్మంలోకి దూరిపోతే మేము ఎవరితో మాట్లాడాలి?

మా ఫిర్యాదు ఒక్కటే. పాతకాలపు రాజు కథని ఇవాళ జానపదంగా తిరగరాసేవాడికి పట్టపగ్గాల్లేవు. గుర్రానికి రెక్కలు పెడతాడు. చచ్చిన రాకుమారుణ్ణి లేపుతాడు. ఓడిపోయిన యుద్ధాన్ని గెలిపిస్తాడు. ఏడు సముద్రాలవతల మర్రిచెట్టు తొర్రలో చిలకని దాస్తాడు. అన్నీ మార్చే ఆ చెయ్యి ఒక్కచోట మాత్రం ఆగిపోతుంది. శత్రువు మతం దగ్గర. అక్కడికి రాగానే మంత్రాలూ మాయలూ పనిచెయ్యవు. అక్కడ మాత్రం ఆయనకి సత్యనిష్ఠ పుట్టుకొస్తుంది. ఎందుకని?

ఉదాహరణకి ఎక్కడెక్కడికో వెళ్ళక్కర్లేదు. మాది కోనసీమ. ఐనవిల్లి అనగానే ఎవరికైనా సిద్ధి వినాయకుడు గుర్తొస్తాడు. పరీక్షల ముందు స్వామి దగ్గర పెట్టిన పెన్నులు పిల్లలకి పంచే ఊరది. ఆ మండలంలోనే విలస అని ఇంకో ఊరుంది. కొబ్బరితోటల మధ్య చిన్న ఊరు. కోనసీమ దాటితే ఆ పేరు తెలిసినవాళ్ళు తక్కువ. చరిత్ర చదివినవాళ్ళకి మాత్రం అది పెద్ద పేరు. ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం అంటే తెలుగుదేశ చరిత్రలో ఒక మలుపు. నేలటూరి వెంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖర శర్మ దాన్ని పరిష్కరించి ప్రకటించారు.

1323లో ఓరుగల్లు పడిపోయింది. గెలిచినవాడు ఉలుగ్ ఖాన్, తరవాత మహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో ఢిల్లీ గద్దె ఎక్కినవాడు. ప్రతాపరుద్రుణ్ణి బందీగా పట్టి ఢిల్లీకి తీసుకుపోతుంటే దారిలో నర్మద ఒడ్డున పోయాడని విలస శాసనం చెబుతుంది. ఆ రాజు పోయాక భూమి తురుష్కులనే చీకట్లో మునిగిందంటుంది. డబ్బున్నవాళ్ళని డబ్బు కోసం హింసించారని, బ్రాహ్మణుల కర్మకాండలు ఆగిపోయాయని, విగ్రహాలు పగిలాయని, అగ్రహారాలు పోయాయని, రైతు పండించింది రైతుకి దక్కలేదని వరసగా చెబుతుంది. ఆ చీకట్లోంచి ప్రోలయ నాయకుడు దేశాన్ని లేపాడని, విలసని ఒక వేదపండితుడికి అగ్రహారంగా ఇచ్చాడని ముగుస్తుంది.

ఈ శాసనం మా మండలంలో పుట్టింది కాబట్టి దాన్ని మేము దాచాలా? దాచం. అప్పుడు విధ్వంసం జరగలేదని అనం. ఓరుగల్లు పడ్డ మరుసటేడు, 1324లో, రాజమండ్రి పెద్ద మసీదు గుమ్మం మీద పర్షియన్ శాసనం చెక్కారు. అంతకుముందు అక్కడ గుడి ఉండేదని చరిత్రకారులంటారు. యుద్ధంలో గెలిచిన రాజు ఓడిన రాజు దేవుణ్ణి కూడా ఓడించానని చాటుకోవడం ఆ కాలపు రాజనీతి. దాన్ని సమర్థించాల్సిన అవసరం మాకు లేదు. ఆ దండులో మా తాతలు లేరు. ఉన్నా వాళ్ళ కత్తికి మేము వారసులం కాము. మాలో ఎక్కువమంది తాతలు ఈ మట్టిలో పుట్టి ఏదో ఒక తరంలో కలిమా చదివినవాళ్ళు. దూది ఏకినవాళ్ళు, బట్ట కుట్టినవాళ్ళు, గాజులు అమ్మినవాళ్ళు, చేపల తట్ట మోసినవాళ్ళు. సుల్తాను కోటలో మాకు ఎంత చోటుందో కాకతీయుల కోటలో మీ పాలేరుకీ అంతే చోటుంది.

ఆ రాగిరేకుల గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. అవి ఒక దానపత్రం. దానం చేసినవాడి కీర్తికీ పుచ్చుకున్నవాడి హక్కుకీ రాసుకున్నవి. అగ్రహారం పోయినవాడి దుఃఖం అందులో ఉంది, నిజమైన దుఃఖమే. అగ్రహారంలో అడుగుపెట్టనివ్వని వాడి దుఃఖం ఏ రాగిరేకు మీద ఉంది? ఓరుగల్లు ఉన్నప్పుడు వాడికి వెలుగుందా, ఓరుగల్లు పడ్డాక చీకటి పడిందా? ఇది అడిగితే మేము సుల్తాన్లని వెనకేసుకొస్తున్నామంటారు. మేము ఏ రాజునీ వెనకేసుకురావడం లేదు. కథ చెప్పేవాడు ఎవరి అరుగు మీద కూర్చుని చెబుతున్నాడని అడుగుతున్నాం.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. అదే ప్రతాపరుద్రుడి కథ. శాసనం వేసిన తరవాత రెండు వందల ఏళ్ళు గడిచాయి. 16వ శతాబ్దంలో ఏకామ్రనాథుడి ప్రతాపరుద్ర చరిత్రము వచ్చింది, తెలుగు వచనంలో. అప్పటికి ఓరుగల్లు జ్ఞాపకం పురాణమైపోయింది. అందులో ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున చనిపోడు. ఢిల్లీ చేరతాడు. అక్కడ సుల్తాను తల్లి ఇద్దరూ నిద్రపోతుండగా చూస్తుంది. బందీ అయిన రాజు ఒంట్లోంచీ తన కొడుకు ఒంట్లోంచీ దివ్యమైన కాంతి వస్తోంది. ఒకరు శివుడి అంశ, ఒకరు విష్ణువు అంశ అని ఆ తల్లికి అర్థమవుతుంది. కొడుకుని పిలిచి చెబుతుంది. సుల్తాను ఆ రాజుని గౌరవించి వెనక్కి పంపేస్తాడు.

మళ్ళీ ఒకసారి చదవండి. ఓడిపోయిన దేశంలో పుట్టిన తెలుగువాడు, తన రాజుని పట్టుకుపోయిన ఢిల్లీ సుల్తానుని విష్ణువు అంశ అన్నాడు. ఆ మాట ఎవరి నోట చెప్పించాడు? ఒక తురక తల్లి నోట. ఆమె కళ్ళకి ఇద్దరు రాజులూ నిద్రపోతున్న బిడ్డల్లా కనపడ్డారు. ఇంతకంటే గొప్ప అద్భుతకథ మధ్యయుగపు తెలుగులో మేము చూడలేదు. రెక్కల గుర్రం ఏపాటి? శత్రువు ఒంట్లో నీ దేవుణ్ణి చూడగలగడం ఊహాశక్తి.

చరిత్ర ప్రకారం ఇది అబద్ధం. రాజు తిరిగి రాలేదు. అయినా ఆ అబద్ధం ఎందుకు పుట్టింది? అప్పటికి తెలుగునాట రెండు వందల ఏళ్ళుగా సుల్తాన్లతో పొరుగు ఉంది. యుద్ధమూ ఉంది, వియ్యమూ ఉంది, కొలువూ ఉంది. విజయనగర రాజులు హిందూరాయ సురత్రాణ అని బిరుదు పెట్టుకున్నారు. సురత్రాణ అంటే సుల్తానే. ఆనాటి తెలుగు రచనల్లో ఢిల్లీ సుల్తాను అశ్వపతి, ఒడ్డె రాజు గజపతి, విజయనగర రాయలు నరపతి. గుర్రాలవాడు, ఏనుగులవాడు, మనుషులవాడు. సైన్యాన్ని బట్టి పేరు పెట్టారు. గోల్కొండలో ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవులకి మల్కిభరాముడయ్యాడు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకి అంకితమిచ్చాడు. అచ్చతెలుగులో మొదటి కావ్యమని చెప్పుకునే యయాతి చరిత్రని పొన్నెగంటి తెలగన అంకితమిచ్చింది అమీన్ ఖాన్ అనే తురక సర్దారుకి. ఆ గాలిలో సుల్తాను తల్లి పుట్టింది.

మరి ఆమె ఎప్పుడు మాయమైంది?

1897లో వేదం వెంకటరాయ శాస్త్రి ప్రతాపరుద్రీయ నాటకం రాశారు. తెలుగు నాటకాల్లో ఎన్నదగిన నాటకం, మేమూ కాదనం. అందులో ప్రతాపరుద్రుణ్ణి విడిపించేవాడు మంత్రి యుగంధరుడు. పిచ్చివాడి వేషంలో ఢిల్లీ వీధుల్లో తిరిగి, తన రాజుని విడిపించి, సుల్తానునే పట్టుకుపోతాడు. శాసనంలో రాజు చనిపోయాడు. పురాణంలో తల్లి విడిపించింది. నాటకంలో మంత్రి సుల్తాన్ని బందీ చేశాడు. ఒకే ఓటమికి మూడు కథలు. మూడూ ఆ కాలం అవసరాన్ని బట్టి పుట్టినవే. తెల్లవాడి కింద అణిగివున్న 1897 నాటి తెలుగు చదువరికి ఒక గెలుపు కావాలి. తెల్లవాణ్ణి రంగస్థలం మీద ఓడించే వీల్లేదు, పోలీసులొస్తారు. సుల్తాన్ని ఓడిస్తే ఎవరూ రారు. పరదేశి పాలకుడి వేషం తురకకి వేసి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఇంకా ఆగలేదు. తెల్లవాడు 1947లో ఓడెక్కి వెళ్ళిపోయాడు. వేషం మాత్రం మా ఒంటి మీదే ఉండిపోయింది.

ఆ నాటకంలో పాత్రోచిత భాష పేరుతో ఒక్కో పాత్రకి ఒక్కో పలుకు ఇచ్చారు. అక్కడది కళ. తరవాత వచ్చినవాళ్ళ చేతిలో అది ముద్రయింది. రంగస్థలం మీదా తెర మీదా సాయిబు నోరు విప్పితే చాలు "నీకీ", "నాకీ", "క్యా బాత్ హై" అనాలి. ఐనవిల్లిలో మా వాళ్ళు ఎట్లా మాట్లాడతారో ఒకసారి వచ్చి వినండి. "ఆయ్" అనకుండా ఏ మాటా ముగియదు. ఇంట్లో అమ్మీతో ఉర్దూ, వీధిలో గోదారి తెలుగు. రెండూ తిన్నగానే వస్తాయి. మీ కథలో మాత్రం మా నాలుక వంకర పోతుంది.

ఈ వేషం ఎట్లా తయారైందో ఇంకొంచెం చూద్దాం. జేమ్స్ టాడ్ అనే కుంపిణీ అధికారి 1829, 1832 సంవత్సరాల్లో రాజస్థాన్ చరిత్ర రెండు సంపుటాలు వేశాడు. తన దేశపు పాతకాలం నైట్లని, అంటే కవచం తొడిగి మాటకి కట్టుబడే గుర్రపు వీరుల్ని, రాజపుత్రుల్లో చూసుకున్నాడు. నైటు ఉంటే నైటుకి శత్రువు కావాలి. ఐరోపా కథల్లో ఆ శత్రువు సారసెన్. ఇక్కడ తురక. మన గోదావరి జిల్లాలవారే చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు ఆ టాడ్ కథల్ని రాజస్థాన కథావళిగా తెలుగు చేశారు. అవి చదివి తరాలు పెరిగాయి. వాటితో పాటు ఇంగ్లండు నైటు కళ్ళజోడు కూడా వచ్చింది. వందేళ్ళుగా ఆ కళ్ళజోడుతోనే ఓరుగల్లునీ విజయనగరాన్నీ చూస్తున్నాం. దేశీయ వీరగాథ అనుకుని మనం తిరగరాసేదాంట్లో సగం ఓడెక్కి వచ్చిన సరుకు.

మరి మాయల ఫకీరు సంగతి? బాలనాగమ్మ కథ తెలియని తెలుగిల్లు లేదు. ఆమెని ఎత్తుకుపోయినవాడు కొందరి నోట మాయల మరాఠీ. 1942లో జెమినీ వాళ్ళు తీసిన సినిమాలో కూడా మరాఠీయే. ఇంకొందరి నోట మాయల ఫకీరు. ఇవాళ సామెతలో మిగిలింది ఫకీరే, ప్రాణం చిలకలో ఉన్నది ఫకీరుకే. మరాఠీ దండు భయం ఉన్న కాలంలో దుర్మార్గుడు మరాఠీ అయ్యాడని, ఆ భయం పోయాక ఫకీరు మిగిలాడని మాకు అనిపిస్తుంది. అంటే దుర్మార్గుడి వేషం రాతి మీద గీత ఏమీ కాదు. జనం ఎవరికి భయపడితే వాడికి వేస్తారు, లేదా ఎవరికి భయపడమని నేర్పితే వాడికి వేస్తారు.

నిజం ఫకీరు ఎవరు? సాంబ్రాణి పొగ పట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగేవాడు. పసిబిడ్డకి దిష్టి తగిలితే తాయెత్తు కట్టేవాడు. సాయంత్రం నమాజు అయ్యాక మసీదు గుమ్మం ముందు పిల్లల్ని ఎత్తుకుని నుంచునే తల్లుల్ని చూడండి, నుదుట బొట్టున్న వాళ్ళే ఎక్కువ. బయటికొచ్చే ప్రతి నమాజీ చేతా బిడ్డ మీద ఊదించుకుంటారు. బతుకులో బిడ్డని బాగుచేసే ఆ మనిషే కథలో బిడ్డ తల్లిని ఎత్తుకుపోతాడు. బడి వార్షికోత్సవంలో ఆ నాటకం వేస్తే గడ్డం ఎవరికి అంటిస్తారో మాకు తెలుసు. తరగతిలో ఒక్కడే సాయిబు పిల్లాడుంటే పంతులుగారికి వెతుక్కునే పని కూడా లేదు. పిల్లాడు ఇంటికొచ్చి "అమ్మీ, నా ప్రాణం ఏ చిలకలో ఉంది?" అంటే నవ్వాలో ఏడవాలో తెలియని తల్లులు మా ఇళ్ళల్లో ఉన్నారు.

వేషం మార్చడం చేతకాదని మాత్రం అనకండి. తెలుగువాడికి అది బ్రహ్మాండంగా చేతనవును. అల్లావుద్దీన్ కథలో మాంత్రికుడు మొరాకో వైపునుంచి వస్తాడు. ఆ ఛాయలతో, మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల సరుకుతో 1951లో పాతాళభైరవి తీస్తే, అతను నేపాళ మాంత్రికుడయ్యాడు. ఎవరూ 'మూలానికి అన్యాయం' అని ఏడవలేదు. గుల్ బకావలి కథ పారసీలోంచి ఉర్దూలోకి వచ్చింది. లక్నోలో దాన్ని గొప్ప మస్నవీగా రాసినవాడు దయాశంకర్ నసీమ్ అనే కాశ్మీరీ పండితుడు. అందులో రాకుమారుడు తాజుల్ ములూక్. 1962లో తెలుగు తెర మీదికి గులేబకావళి కథగా వచ్చేసరికి అతను హిందూ రాకుమారుడైపోయాడు. మేము దానికీ ఏడవలేదు. కథలు పక్షుల్లాంటివి, ఏ చెట్టు మీద వాలితే ఆ చెట్టు పిట్టలే. మా తూతీనామా మీ శుకసప్తతి పిల్లే. గోల్కొండలో గవ్వాసీ దాన్ని దక్కనీలో రాశాడు. మీ చిలక మా ఇంట్లో పలికింది, మా జిన్ను మీ ఇంట్లో భూతమై పనిచేసింది. ఇచ్చిపుచ్చుకోవడంలో మాకు పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, ఆ బదిలీ ఎప్పుడూ ఒకే వైపు జరగడం దగ్గర. మా కథలోని వీరుడు మీ ఇంటికి రాగానే పేరు మార్చుకుంటాడు. దుర్మార్గుడు మాత్రం మా పేరుతోనే మిగిలిపోతాడు. మంచివాణ్ణి మతం మార్చి చేర్చుకుంటారు, చెడ్డవాడికి మతాన్ని నిలబెట్టి ఉంచుతారు. ఇది యాదృచ్ఛికమని ఇంకెన్నాళ్ళు చెబుతారు?

పూర్తిగా ఊహలో కట్టిన రాజ్యంలో కూడా మా వాటా చూడండి. సినిమాలో చూపిన మాహిష్మతి రాజ్యం ఏ పటంలోనూ లేదు. 2015లో వచ్చిన బాహుబలి మొదటి భాగంలో అస్లాం ఖాన్ అనే కత్తుల వ్యాపారి వస్తాడు. కట్టప్పతో కత్తి కలుపుతాడు, స్నేహితుడవుతాడు, అవసరమైతే వస్తానని మాటిస్తాడు. మా పిల్లలు ఆ కాసేపు తెరకి అతుక్కుపోయి చూశారు. 2017లో రెండో భాగం వచ్చింది. మాటిచ్చిన మనిషి రాలేదు. 2025లో హరిహర వీరమల్లు వచ్చింది. అందులో వీరుడు కల్పితం, ఔరంగజేబు నిజం, ఇద్దరి మధ్యా కోహినూరు. వీరుడికి ఊహ, శత్రువుకి చరిత్ర. మేము మొదట్లో చెప్పిన రెండు గుమ్మాల ఆట ఇదే. చిన్నకథ రాసేవాళ్ళు తెర వంక చూసి రాస్తున్నారు కనుక ఈ మాట చెప్పాల్సి వచ్చింది.

మావాళ్ళతో కూడా రెండు మాటలు చెప్పాలి. మా దాస్తాన్లు కడిగిన ముత్యాలేమీ కావు. అమీర్ హంజా దాస్తానులో, తిలిస్మె హోష్‌రుబాలో మాంత్రికులంతా కాఫిర్లు. హంజా పక్షం గెలిచినప్పుడల్లా ఓడినవాడు కలిమా చదువుతాడు. అమర్ అయ్యార్ జంబీలు సంచిలో లోకమంతా పడుతుందిగానీ, పక్కవాడి దేవుడికి అందులో చోటు లేదు. లక్నో దాస్తాన్‌గో తన వినేవాళ్ళ చప్పట్ల కోసం చేసిన పనీ, మన నాటకకర్త చేసిన పనీ ఒకటే. దాన్ని మేము అదే గొంతుతో తప్పంటాం. ఇంకో రకం జవాబు కూడా మాలో వినపడుతోంది. మీకు ప్రతాపరుద్రుడుంటే మాకు ఔరంగజేబున్నాడని కొందరు కుర్రాళ్ళు ఛాతీ విరుచుకుంటున్నారు. బిడ్డలారా, ఆ రాజు మీ తాతకి ఏమిచ్చాడు? కొబ్బరి దింపు కూలీ ఇచ్చాడా, దూది బాణం ఇచ్చాడా? పరాయి రాజుని ద్వేషించమని వాళ్ళకి నేర్పినట్టే, పరాయి రాజుని మోయమని మీకు నేర్పుతున్నారు. ఆ పల్లకీ దించండి. కథలే హరామనే పెద్దలకి కూడా ఒక మాట. మన నానీమాలు జిన్నుల కథలూ పరీల కథలూ చెప్పే మనల్ని నిద్రపుచ్చారు. ఆ నోళ్ళు మూయిస్తే ఆ ఖాళీలో ఎవరి కథ వచ్చి కూర్చుంటుందో చూస్తూనే ఉన్నాం.

రాయడానికి సరుకు లేదంటారా? ప్రతాపరుద్రుడి సేనాని గన్న. తిక్కన శిష్యుడు మారన తన మార్కండేయ పురాణాన్ని అంకితమిచ్చింది ఆ గన్న సేనానికే. ఓరుగల్లు పడ్డాక బందీగా ఢిల్లీ వెళ్ళి, ఇస్లాం తీసుకుని, మాలిక్ మక్బూల్ అయినవాడు అతనేనని చరిత్రకారులు గుర్తించారు. ఫిరోజ్ షా తుగ్లక్ కొలువులో ఖాన్ ఎ జహాన్ బిరుదుతో వజీరయ్యాడు. పేరు చివర తిలంగానీ అని ఊరి గుర్తు మాత్రం వదల్లేదు. ఢిల్లీలో నిజాముద్దీన్ దగ్గర ఎనిమిది పలకల సమాధిలో పడుకున్నాడు. తెలుగు పురాణం అంకితం పుచ్చుకున్న చెయ్యి ఢిల్లీ రాజముద్ర పట్టింది. ఆ మనిషికి రాత్రిళ్ళు ఏ భాషలో కల వచ్చేది? నమాజు చాప మీద కూర్చున్నప్పుడు మార్కండేయుడి కథ గుర్తొచ్చేదా? ఒక్క తెలుగు జానపద కథకుడికీ ఈ ప్రశ్న తట్టలేదే. మతం మారాడు కాబట్టి వీరుడి జాబితాలోంచి కొట్టేశారా?

దేశింగురాజు కథ జంగాలు పాడేవారు. సెంజి కోట రాజు, 1714లో ఆర్కాటు నవాబు సాదతుల్లా ఖాన్ మీద పోరాడి చనిపోయిన కుర్రవాడు. పాటలో అతని పక్కన ప్రాణస్నేహితుడు మహబత్ ఖాన్ ఉంటాడు. పెళ్ళిపందిట్లోంచి లేచొచ్చి, నవాబు సైన్యం మీదికి, అంటే తన మతంవాడి మీదికి, గుర్రం దూకించి స్నేహితుడితో పాటే పోతాడు. జనం ఆ కథని అట్లాగే గుర్తుపెట్టుకున్నారు. అచ్చులో కూర్చుని తిరగరాసే చదువుకున్నవాడు మాత్రం నవాబుని గుర్తుపెట్టుకుంటాడు, మహబత్‌ని మరిచిపోతాడు.

ఇదంతా విని "అయితే ముస్లిం దుర్మార్గుడు కథలో ఉండకూడదా? దీన్ని నిషేధించమంటారా?" అని అడుగుతారు. నిషేధాల మాట మా నోట రాదు. నిషేధాలు మొదలైతే మొదట మూతపడేది బలహీనుడి నోరేనని మాకు తెలుసు. మాలో దుర్మార్గులు లేరా, ఉన్నారు. రాయండి. కానీ రాసి పంపేముందు మీకు మీరే మూడు ప్రశ్నలు వేసుకోండి. మీ దుర్మార్గుడి మతం తీసేస్తే కథ నిలబడుతుందా? నిలబడితే ఆ మతం అక్కడ ఏ పని మీద ఉంది? నిలబడకపోతే మీరు రాసింది కథా, నేరారోపణ పత్రమా? రెండు, మీ కథలో తురకవాడు ఎవరికైనా కొడుకా, ఎవరికైనా స్నేహితుడా, వాడికి జ్వరమొస్తే చెయ్యి పట్టుకునే మనిషి ఉందా? మూడు, ఆ కథని మీ పక్కింటి సాయిబు పిల్లని ఒడిలో కూర్చోబెట్టుకుని చదవగలరా? ఎక్కడో ఒకచోట గొంతు తగ్గించాల్సి వస్తే, అక్కడ ఆగి మళ్ళీ రాయండి.

పరమత సహనం బోధిస్తూ ఒక మంచి సాయిబు పాత్ర పెట్టమని కూడా మేము అడగడం లేదు. వీరుడి కోసం చచ్చిపోయే మంచి సాయిబుల్ని చాలామందిని చూశాం. ప్రతిసారీ వాడు చచ్చాకే మంచివాడవుతాడు. మాకు బతికున్న మనుషులు కావాలి. కోటలోపల వంటమనిషి కావాలి, ఓడ నడిపే సరంగు కావాలి, చిలకని వెతకడానికి బయల్దేరే దూదేకుల పిల్ల కావాలి. ఏడు సముద్రాలు దాటే హక్కు రాకుమారుడికేనా? గౌతమి పాయ మీద పంటు ఎక్కి కోటిపల్లి దాటి చదువుకోడానికి వెళ్ళే పిల్ల దాటలేదా?

విలస రాగిరేకులు చెక్కించినవాడు తన కాలంలో తన గాయం చెప్పుకున్నాడు. అతన్ని మేము తప్పుపట్టం. రెండు వందల ఏళ్ళ తరవాత వచ్చిన కథకుడు ఆ గాయం మీద ఒక తల్లి చెయ్యి పెట్టాడు. అతనికి మేము సలాం చేస్తాం. ఆ ఇద్దరూ తెలుగువాళ్ళే, ఇద్దరూ మీకు పూర్వీకులే. ఏడు వందల ఏళ్ళ తరవాత, గాయం తగలని మీరు, గాయాన్ని మాత్రమే అరువు తెచ్చుకుని, దానికి మందు వేసిన చేతిని ఎందుకు నరికేస్తున్నారు?

సుల్తాను తల్లిని మళ్ళీ కథలోకి పిలవండి. పేరు కూడా లేని మనిషి ఆమె. ముందు ఆమెకొక పేరు పెట్టండి. నిద్రపోతున్న ఇద్దరు మనుషుల్ని దీపం వెలుతుర్లో చూసి, ఎవరు మనవాడు ఎవరు పరాయివాడు అని లెక్క కట్టని ఆ చూపుని మీ పిల్లలకీ మా పిల్లలకీ ఒకే కథలో ఇవ్వండి. మీకు తీరిక లేకపోతే ఆ కథ మేము రాస్తాం. ఉర్దూలో రాస్తాం, తెలుగులోనూ రాస్తాం. రెండూ మా ఇంటి భాషలే. అప్పుడు మాత్రం "ఇది మా రాజు కథ, మీకెందుకు?" అనకండి. ప్రతాపరుద్రుణ్ణి బతికించి ఇంటికి పంపింది మా అమ్మే.